వియోలా కుర్చీ

ఫిబ్రవరి 4, మంగళవారం

హోటల్ మేనేజరు ఫోన్ చేశాడు. ఆదివారాలు పొద్దుటి పూట వాళ్ళ లాబీలో "కొంచెం మ్యూజిక్" కావాలట. కొంచెం. పావుకిలో పొట్లం కట్టమన్నట్టు.

"మీ నలుగురివీ వయొలిన్లేగా సార్?"

"రెండు వయొలిన్లు, ఒక వియోలా, ఒక చెల్లో."

"అదే సార్, చిన్నవీ పెద్దవీ. పెద్ద పనేం కాదు. జనం టీ తాగుతుంటారు, మాట్లాడుకుంటుంటారు. మీరలా వాయిస్తూ ఉండటమే. మధ్యలో ఆపకండేం? ఆపితే చప్పట్లు కొట్టాలేమోనని మా గెస్టులు ఇబ్బంది పడతారు."

ప్రతి ఆదివారమూ అట. డబ్బు ఏ వారానికి ఆ వారం ఇచ్చేస్తాడట. మాది సంగీతమనీ, ఫ్యాను గాలి కాదనీ చెప్పి ఫోను పెట్టేశాను.

మిగతా ముగ్గురికీ ఈ సంగతి చెప్పను. చెబితే చర్చ పెడతారు. ముప్పై ఏళ్ళు ప్రచురణ సంస్థలో ఇతరుల వాక్యాలు దిద్దినవాణ్ణి. పనికిరాని వాక్యాన్ని రచయితకు చూపించకుండా కొట్టేయడం అబద్ధం కిందికి రాదు. పరిష్కరణ కిందికి వస్తుంది.

ఫిబ్రవరి 6, గురువారం

సాధన. ఎప్పటిలాగే మా ముందు గదిలోనే.

టీచరు ఆలస్యంగా వచ్చింది. మొదటి వయొలిన్ ఆలస్యమైతే మిగతా వాళ్ళం శ్రుతి చేసుకుంటూ కూర్చోవాలి. పదేళ్ళ పిల్లప్పుడు నా దగ్గర నేర్చుకుంది, ఇప్పుడు కణతల దగ్గర జుట్టు నెరిసింది, ఆలస్యంగా రావడం మాత్రం మానలేదు. ఆమె స్కూల్లో సంగీతం క్లాసు ఎత్తేశారు. ఆ గదిలో కంప్యూటర్లు పెట్టారట. వచ్చీ రాగానే, "మాస్టారూ, ఎక్కడైనా ఏమైనా తగిలిందా?" అని అడిగింది.

"ప్రయత్నాల్లో ఉన్నాను."

"చిన్నదైనా పరవాలేదండీ."

చిన్నదైనా పరవాలేదు అనేవాళ్ళ వల్లే లోకంలో పెద్దవి మిగలకుండా పోతున్నాయి.

రెండో వయొలిన్ మా పళ్ళ డాక్టరు. ఆయన వాయించేటప్పుడు ముఖంలో పేషెంటుకి నొప్పి పుడుతోందేమోనన్న భయం కనిపిస్తుంది. ఒక్కోసారి సమంజసమే. చెల్లో నా బావమరిది. మా ఆవిడ తమ్ముడు. వీడికి చెల్లో కొనిచ్చింది ఆవిడే, మమ్మల్ని నలుగుర్నీ ఒకచోట చేర్చిందీ ఆవిడే. కచేరీలు కుదిర్చే పని కూడా ఆవిడదే. ఫోనులో ముక్కూ మొహం తెలియనివాళ్ళతో నవ్వుతూ మాట్లాడేది. అవతలివాడు ఒప్పుకున్నాక కూడా నవ్వేది. ఆవిడ పోయాక ఆ పని నా నెత్తిన పడింది. నాకు అకారణంగా నవ్వు రాదు.

ఫిబ్రవరి 9, ఆదివారం

బావమరిది కాఫీకి వచ్చాడు. ప్రతి ఆదివారం వస్తాడు, నా పేపరు చదువుతాడు, చదివి తప్పుగా మడిచి పోతాడు.

"బావా, ఈసారి ఏదొస్తే అది ఒప్పేసుకుందాం. టీచరమ్మ పరిస్థితి బాలేదు."

"ఎవరి పరిస్థితి బాగుంది?"

"నీకు పెన్షనుంది, నాకుంది. డాక్టరుకి జనం నోళ్ళున్నాయి. ఆవిడకేముంది?"

"ఆవిడకి కళ ఉంది," అన్నాను.

వాడు కప్పు కిందపెట్టి, నన్ను చూసి, మళ్ళీ కప్పు తీసుకున్నాడు.

ఫిబ్రవరి 12

సోఫాల షోరూము. కొత్తగా తెరుస్తున్నారు. యజమాని స్వయంగా పిలిచాడని వెళ్ళాను. లోపల అడుగుపెడితే చెప్పులు మునిగిపోయే తివాచీ. మమ్మల్ని ఎక్కడ కూర్చోబెడతారని అడిగాను.

"ఇక్కడే సార్, ఈ సెట్టు మీద. నలుగురూ నాలుగు రకాల మీద కూర్చుంటే కస్టమరుకి అన్ని మోడళ్ళూ కనిపిస్తాయి."

"సోఫాలో కూరుకుపోయి చెల్లో ఎలా వాయిస్తాడండీ మనిషి?"

"వాయించకపోయినా పరవాలేదు సార్, పట్టుకుంటే చాలు. పాటలు స్పీకర్లో వేసేస్తాం."

ఆ మాట అన్నప్పుడు వాడి మొహంలో వెటకారమేమీ లేదు. మా మీద జాలి ఉంది. ముసలివాళ్ళు శ్రమపడకుండా చూద్దామనుకున్నాడు. వాడి పక్కన వేలాడుతున్న ధర చీటీని వాడి చొక్కాకి తగిలించి వద్దామనిపించింది.

ముగ్గురికీ "వాళ్ళింకా ఏ సంగతీ తేల్చుకోలేదు" అని చెప్పాను.

ఫిబ్రవరి 16, ఆదివారం

బావమరిది వచ్చాడు. పేపరు తప్పుగా మడిచి పోయాడు.

ఫిబ్రవరి 20, గురువారం

సాధన మధ్యలో డాక్టరు కమాను దించి, "మాస్టారూ, ఈ మధ్య హోటల్ వాళ్ళెవరైనా ఫోన్ చేశారా?" అని అడిగాడు.

"లేదే," అన్నాను.

ఆయన నన్ను కాసేపు చూశాడు. పైకి బాగానే ఉండి లోపల పుచ్చిన పన్నును అలా చూస్తారనుకుంటాను. టీచరు పేజీ తిప్పింది. తిప్పాల్సిన చోటు అది కాదు.

ఫిబ్రవరి 23, ఆదివారం

బావమరిది రాలేదు. మోకాలు నొప్పట. ఫోనులో గొంతు మాత్రం హుషారుగా ఉంది.

ఫిబ్రవరి 24

మనసు చంపుకుని కచేరీల హాలుకి వెళ్ళాను. నేను ప్రయత్నించలేదని రేపు ఎవరూ అనకూడదు.

ఆ హాలు కార్యదర్శికి కిటికీలాయన అని పేరు పెట్టింది నేనే. ఒకప్పుడు మేం అక్కడ వాయిస్తుంటే, నెమ్మది భాగం నడుమ లేచి, దుమ్ము వస్తోందని కిటికీలన్నీ ఒక్కొక్కటే వేయించాడు. పన్నెండు కిటికీలు. ప్రతిదానికీ గడియ. ఆ మర్నాడు పత్రికకు ఉత్తరం రాశాను. కార్యదర్శిగారికి దేవుడు చెవుల స్థానంలో రశీదు పుస్తకాలు తగిలించాడని అందులో ఒక వాక్యం ఉంది. మంచి వాక్యం. ఇప్పటికీ దిద్దడానికేమీ కనిపించదు. ఆ తరవాత మమ్మల్ని ఆ హాలుకి పిలవలేదు.

మెట్ల కింది గదిలో ఆయన ఆఫీసు. చాలాసేపు బయట కూర్చోబెట్టాడు.

"రండి రండి. ఇంకా వాయిస్తున్నారా?"

"మీరు వినడం మొదలుపెట్టారేమో కనుక్కుందామని వచ్చాను."

నవ్వాడు. కోపం తెచ్చుకోలేదు. అదొక్కటే నాకు కష్టంగా ఉంది, ఆయనకు నా మీద కోపం లేదు. నేను ఇన్నాళ్ళూ పెంచి పోషించిన పగ అవతలి పక్కన ఎప్పుడో చచ్చిపోయింది.

"మాకిప్పుడు కొత్త ముఖాలు కావాలండీ. జనం రావాలిగా! మీ నలుగురి వయసులూ కూడితే ఈ హాలు వయసు దాటిపోతుంది."

"హాలు కప్పు కారుతోంది. మేమింకా కారడం లేదు."

"అబ్బ, మాట మాత్రం అలాగే ఉంది మీకు!"

గౌరవం చెడకుండా బయటికి వచ్చాను. గొడుగు అక్కడే మర్చిపోయాను. తెచ్చుకోను.

మార్చి 2, ఆదివారం

ఎవరూ రాలేదు. పేపరు మడత చెదరకుండా ఉంది.

మార్చి 6, గురువారం

సాధన అద్భుతంగా సాగింది. ముగ్గురికీ వేళ్ళు కదులుతున్నాయి. డాక్టరు కూడా భయం లేకుండా వాయించాడు. వారానికి ఒక్కసారి కలిసినా మనసు పెట్టి నేర్పితే ఫలితం ఉంటుందని నేను మొదటినుంచీ చెబుతున్నదే. నా కష్టం వృథా పోలేదు.

మార్చి 13, గురువారం

జరిగింది జరిగినట్టు రాయాలి.

ఇవాళ 'మెట్లు' తీశాం. అసలు పేరు వేరే అయినా మేమలాగే పిలుచుకుంటాం. దాని నెమ్మది భాగంలో ఒకచోట మిగతా ముగ్గురూ ఆగిపోతారు, వియోలా ఒక్కటే మూడు స్వరాలు కిందికి దిగుతుంది, నాలుగోదాని మీద అందరూ కలుస్తారు. పుస్తకంలో అక్కడ ఆగమని లేదు. నేనెప్పుడూ ఆగలేదు. మూడు మెట్లు దిగడం, నాలుగో మెట్టు మీద అందరూ ఉండటం, అంతే. మేం కలిసి వాయిస్తున్నప్పటినుంచీ అంతే.

ఇవాళ నేను దిగాను. నాలుగో మెట్టు మీద ఎవరూ లేరు.

ఒక్క ఊపిరి తరవాత ముగ్గురూ వచ్చారు. ఆలస్యం. సరే, పరధ్యానం అనుకుని మళ్ళీ మొదలుపెట్టమన్నాను. మళ్ళీ అదే. నా నాలుగో స్వరం ఒంటరిగా పడింది, తరవాత ముగ్గురూ కలిసి, చక్కగా, ఒకే క్షణాన వచ్చారు. ఒకడు తప్పు చేస్తే తప్పు. ముగ్గురు వేరువేరుగా చేస్తే అశ్రద్ధ. ముగ్గురూ ఒకే తప్పును ఒకే కొలతలో చేస్తే దానిపేరు అలవాటు.

మూడో స్వరం మీద కాసేపు నిలబడే మనిషి ఎవరో ఉన్నారు. వీళ్ళు ఆ మనిషి కోసం ఆగుతున్నారు. చేతులకు నటించడం రాదు.

నేను కమాను దించాను. టీచరు చెవుల దాకా ఎర్రబడింది. డాక్టరు దగ్గాడు. బావమరిది తీగ బిగించాడు. అది బిగించాల్సిన తీగ కాదు, వాడు బిగించిన తీగ తెగింది.

"ఇవాళ్టికి చాలు," అన్నాను.

"అవును బావా, చాలు," అన్నాడు వాడు తల ఎత్తకుండా.

మార్చి 14

అన్నం మాడింది. గిన్నె నానబెట్టాను.

మార్చి 16, ఆదివారం

మోకాలు ఎలా ఉందో కనుక్కుందామని పొద్దున బావమరిది ఇంటికి ఫోన్ చేశాను. వాడి భార్య ఎత్తింది. అమాయకురాలు. కల్లాకపటం తెలియని మనుషులు ఇంట్లో ఉంటే మోసం చేసేవాళ్ళు ఎంత జాగ్రత్తగా ఉండాలో వాడికి తెలియలేదు.

"మోకాలేంటి అన్నయ్యగారూ? బానే ఉన్నారుగా! ఇందాకే హోటల్‌కి బయల్దేరారు. అదేంటి, మీరు వెళ్ళలేదా ఇవాళ?"

"వెళ్తున్నానమ్మా," అన్నాను.

వెళ్ళాను.

లాబీలో నీళ్ళు చిమ్మే రాతిబొమ్మ ఒకటి, దాని చుట్టూ బల్లలు. స్తంభం వెనక బల్ల చూసుకుని కూర్చున్నాను. వెయిటరు వచ్చి ఇంకెవరైనా రావాలా సార్ అని అడిగాడు. లేదన్నాను. ఎదుటి కుర్చీ తీసుకుపోయి పక్క బల్లకి వేశాడు.

నలుగురూ ఉన్నారు. టీచరు కొత్త చీర కట్టుకుంది. డాక్టరు నల్లకోటు వేశాడు. నా చోట ఒక అమ్మాయి. పాతికేళ్ళుంటాయేమో. వియోలాని కూరగాయల సంచి మోసినట్టు పట్టుకుంది. మణికట్టు ఎక్కువ వంచుతోంది. కింది తీగ మీద గొంతు సన్నం. కాలితో తాళం వేస్తోంది, బూటు చప్పుడు స్తంభం దాకా వినిపిస్తోంది. ఇవన్నీ ఎవరైనా అడిగితే ఆధారాలతో చూపించగలను.

జనం మాట్లాడుకుంటూనే ఉన్నారు. ఒకడు ఫోనులో ఎవరికో ఇటుకలు అమ్ముతున్నాడు. చెవిటివాడి ముందు శంఖం అనుకుని టీ తాగుతున్నాను. అప్పుడు 'మెట్లు' మొదలుపెట్టారు.

ముగ్గురూ ఆగారు. ఆ అమ్మాయి మూడు స్వరాలు దిగి, మూడోదాని మీద నిలబడింది. తొందరేం లేదన్నట్టు నిలబడి, ముగ్గురి వంకా ఒక్కసారి చూసింది. ఇటుకల వాడు మాట మధ్యలో ఆగాడు. తరవాత నలుగురూ కలిసి నాలుగో మెట్టు మీద కాలు పెట్టారు.

బాగుందని నేను రాయను.

సగంలో లేచి వచ్చేశాను. చెల్లో వాయించేవాడు జనానికి ఎదురుగా కూర్చుంటాడు. చూసే ఉంటాడు.

మార్చి 17

చూశాడట. పొద్దున్నే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రమ్మనలేదు, వచ్చాడు.

"చూశావుగా," అన్నాడు.

"టీ బాగుంది."

"బావా."

"ఎన్నాళ్ళనుంచి?"

"అది తరవాత చెబుతా. నువ్వు ఎన్నింటిని వద్దన్నావో అది చెప్పు ముందు."

పేపరు తీసి మడత సరిచేశాను.

"హోటల్ మేనేజరు దవడ వాచి డాక్టరు దగ్గరికొచ్చాడు. క్లినిక్‌లో గోడ మీద మన ఫోటో ఉందిగా, అది చూసి 'వీళ్ళేనండీ, కొంచెం మ్యూజిక్ అడిగితే నన్ను ఫ్యాను గాలి అని తిట్టింది' అన్నాడట. ఒక చేత్తో దవడ పట్టుకుని మరీ చెప్పాడట. డాక్టరుకి ఏమనాలో తెలియక ఆ పన్నుకి డబ్బు తీసుకోలేదు."

"నన్నొక మాట అడగొచ్చుగా?"

"అడిగాడుగా! ఇక్కడే, ఈ గదిలో, మొహం మీదే అడిగాడు. లేదే అన్నావ్. సోఫాల వాడికీ నేను ఫోన్ చేశాను. 'పెద్దాయన కోప్పడి వెళ్ళిపోయారు సార్' అన్నాడు. అంతకుముందు పుస్తకాల దుకాణం వాళ్ళు, ఆ ఆస్పత్రి వాళ్ళు... పోనీలే. లెక్క తీయడానికి రాలేదు."

"మీకిక నేను అక్కర్లేదు. ఆ మాట చెప్పడానికి వచ్చావా?"

"నిన్ను లాబీకి రమ్మంటే వచ్చేవాడివా?"

"రాను."

"మరి?"

ఎన్నో పుస్తకాలు చదివాను. సామ్రాజ్యాలు కూలిన కథలు చదివాను, ఒక్కో దాని వెనక ఒక్కో బావమరిది. కాని అందులో ఎవడూ 'మరి?' అని అడిగి ఊరుకోలేదు.

"ఆ పిల్లెవరు?"

"మందుల షాపులో పనిచేస్తుంది. టీచరమ్మకి పాత పరిచయం."

"పట్టుకోవడం రాదు."

"అవును. ఆగడం వచ్చు," అన్నాడు.

చెప్పుల్లో కాళ్ళు పెడుతూ మళ్ళీ వాడే, "అక్క ఉండి ఉంటే..." అన్నాడు.

"మీ అక్క మాటెత్తకు."

"సరే. గురువారం వస్తాం. ఎప్పటిలాగే. ఇక్కడ నువ్వే వాయిస్తావు, అక్కడికీ ఇక్కడికీ సంబంధం లేదు."

"ఆదివారాలు ఒకరితో, గురువారాలు ఒకరితోనా? ముసలాణ్ణి చూసి జాలిపడి వాయిస్తారా? రావద్దు."

"బావా..."

"రావద్దన్నాను."

మార్చి 20, గురువారం

రాలేదు. నా మాట వినడం ఇప్పుడు నేర్చుకున్నారు.

కుర్చీలు నాలుగూ వేసి ఉన్నాయి. నిన్న ఊడ్చేటప్పుడు వేశాను. అలవాటు.

మార్చి 22

ఒంటరిగా వియోలా వాయిస్తే అదేమిటో ఎవరికీ అర్థంకాదు. వయొలిన్‌కి పాట ఉంటుంది, చెల్లోకి పునాది ఉంటుంది. వియోలా మధ్యలో ఉంటుంది. పక్కన ఎవరూ లేనప్పుడు అది వాయించేది పాట కాదు, ఎవరితోనో మాట్లాడుతున్న మనిషి సగం సంభాషణ. పక్కింటావిడ గోడ మీద తట్టింది. గతంలో నలుగురం వాయించినప్పుడు ఎప్పుడూ తట్టలేదు.

మార్చి 25, మంగళవారం

కిటికీలాయన ఫోన్ చేశాడు.

"మాస్టారూ! ఏమండీ మీరు, ఇంత సరుకు దాచిపెట్టుకుని మొన్న నాతో కప్పులూ కారడాలూ అంటూ కూర్చుంటారా?"

మొన్నాదివారం మనవరాలిని తీసుకుని ఆ హోటల్‌కి వెళ్ళాడట. మా బృందాన్ని విన్నాడట. మా బృందాన్ని.

"అందులో ఒకటి వాయించారు చూడండి, మెట్లు దిగుతున్నట్టు... ఆ అమ్మాయి ఒక్కర్తీ దిగి, ఆగుతుంది. నా చేతిలో బిస్కెట్టు అలాగే ఉండిపోయిందండీ. టీలో ముంచినది విరిగి కూడా పడింది. మనవరాలు నవ్వింది."

ఈ సీజనుకి నాలుగు సాయంత్రాలు ఇస్తాడట. డబ్బు ఇచ్చే కచేరీలు. బాగా నడిస్తే ఏటా. ఎన్నేళ్ళుగానో నేను అడుగుతున్నది అదే.

"కానీ ఆ నలుగురే రావాలండోయ్. మీరిప్పుడు మేనేజరు కింద చూసుకుంటున్నట్టున్నారు. మంచి పని చేశారు. వయసొచ్చాక ఆ మాత్రం తెలుసుకోవాలి. ఈ నెలాఖరులోగా ఏ సంగతీ చెప్పండి. లేకపోతే ఇంకో బృందం అడుగుతోంది."

బృందానికి ఆయన దగ్గరున్న నంబరు నాదొక్కటే.

మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు అంటారు. ఆ అమ్మాయి నా కుర్చీలో కూర్చున్నందుకు కాదు. ఆ ఆగడం ఈయనకి వినిపించినందుకు. చెవుల స్థానంలో రశీదు పుస్తకాలున్న మనిషికి.

మార్చి 26

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. కిటికీలాయన పళ్ళు గట్టివి. డాక్టరు దగ్గరికి పోడు.

మార్చి 28

హాలు నుంచి ఫోను మోగింది. ఎత్తలేదు.

వాళ్ళ మేలు కోరే ఆలోచిస్తున్నాను. ఆ అమ్మాయికి అనుభవం లేదు. లాబీ వేరు, హాలు వేరు. లాబీలో తప్పు పోతే చెంచాల చప్పుడులో కలిసిపోతుంది. హాలులో నవ్వులపాలైతే రేపు వాళ్ళే నన్ను తప్పుపడతారు. ఇది పగ కాదు. ముందుచూపు.

మార్చి 29, శనివారం

కూరగాయల దుకాణం దగ్గర టీచరు కనిపించింది. తప్పించుకుందామనుకున్నాను. ఆవిడే ఎదురొచ్చింది.

"కోపంగా ఉన్నారా మాస్టారూ?"

"నాకెందుకు కోపం? నేనెవర్ని?"

"అలా అనకండి. మీరే కదా నా చేతిలో కమాను పెట్టింది." వంకాయలు ఏరుతూ, నా వంక చూడకుండా చెప్పింది: "వచ్చే నెల మా అన్నయ్య వాళ్ళ దగ్గరికి వెళ్ళిపోతున్నానండీ. ఇక్కడ అద్దె కట్టలేకపోతున్నా. ఆదివారం డబ్బులు ఆదివారానికే సరిపోతున్నాయి."

"అక్కడ వాయించడానికి ఎవరున్నారు?"

"ఎవరూ లేరు. వదిన వాళ్ళ షాపులో బిల్లులు రాయాలి. వయొలిన్ కూడా పట్టుకెళ్ళడం లేదు. అక్కడ చోటు లేదు, మా అన్నయ్య మనవలు ముట్టుకుంటారు. మీ దగ్గర పెట్టి వెళ్ళనా?"

నేను ఏమన్నానో గుర్తులేదు. ఏదో పనుందన్నాను. "ఇదిగో, మీకు అన్నీ పుచ్చువి వేశాడు చూడండి," అని నా సంచిలోవి తీసి మంచివి ఏరి వేసింది.

నాలుగు సాయంత్రాలు నా నోట్లో ఉన్నాయి. పెదవి విప్పితే చాలు. విప్పలేదు.

మార్చి 30, ఆదివారం

ఇప్పుడు అక్కడ వాయిస్తూ ఉంటారు.

ఆమె వెళ్ళిపోతే ముగ్గురు మిగులుతారు. ముగ్గురితో అది నడవదు. డాక్టరు పళ్ళ దగ్గరికి, బావమరిది నా పేపరు దగ్గరికి వస్తారు. గురువారాలు మళ్ళీ నావే అవుతాయి. నలుగురికి వేసిన కుర్చీల్లో ముగ్గురం. కోరుకున్నది ఇదేనా అని అడిగితే కాదని చెప్పలేను. రోజంతా అదే ఊహించుకుంటూ కూర్చున్నాను. వాడు పేపరు మడవడం, డాక్టరు భయపడటం, నేను దిద్దడం. ఎంత ఊహించినా ఆ గదిలో ఎవరూ వాయించడం లేదు.

మార్చి 31, సోమవారం

హాలుకి ఫోన్ చేశాను.

"ఇవాళ కూడా చెయ్యరేమో అనుకున్నానండీ," అన్నాడు కిటికీలాయన. "ఒప్పుకున్నట్టేనా?"

"షరతులు ఉన్నాయి."

"ఉంటాయని తెలుసు."

"కుర్చీలకు చేతులు ఉండకూడదు. ఉంటే మోచేతులకు తగులుతాయి. సగం డబ్బు ముందే ఇవ్వాలి, ఈ వారంలో."

"అదేంటండీ! మా హాలులో వాయించడమే వాళ్ళకు పెద్ద ప్రచారం కదా. డబ్బు ఎక్కడికి పోతుంది?"

"ప్రచారాన్ని ఇంటివాళ్ళు అద్దె కింద జమ చేసుకోరు. నాలుగు సాయంత్రాలు కాదు, ఆరు. మీ మనవరాలిని అడగండి, ఆరంటుంది."

"ఆరు కుదరదు."

"అయితే ఆ ఇంకో బృందాన్ని పిలవండి. వాళ్ళు వాయిస్తుంటే మీ బిస్కెట్టు విరుగుతుందేమో చూడండి."

అవతల కాగితాలు తిప్పిన చప్పుడు. "ఐదు," అన్నాడు.

"ఐదు. ఇంకొకటి. నెమ్మది భాగంలో ఎవరూ కిటికీలు ముట్టుకోకూడదు."

"మీరది ఇంకా మర్చిపోలేదా!"

"చచ్చేదాకా మర్చిపోను."

నవ్వాడు. నా సొంత బృందానికి, నా సొంత వియోలాకి ఇన్నేళ్ళలో ఇలా ఒక్క బేరం ఆడలేదు. రెండో మాటకే ఫోను పెట్టేసేవాణ్ణి. ఇవాళ చెవి వేడెక్కేదాకా పెట్టలేదు.

"సరే, పేర్లు చెప్పండి. అచ్చుకి పంపాలి."

మూడు పేర్లు చెప్పాను. నాలుగోది రాలేదు. నాకు తెలియదు. ఇన్నాళ్ళూ ఆ అమ్మాయి, ఆ పిల్ల, కూరగాయల సంచి. ఈ డైరీ పేజీలు వెనక్కి తిప్పి చూశాను, ఎక్కడా పేరు అడిగిన దాఖలా లేదు. 'మరొకరు' అని వేసేయొచ్చు. ఆయన ఒప్పుకునేవాడే. కాని ముప్పై ఏళ్ళు అచ్చుతో బతికినవాణ్ణి, మనిషి పేరు వదిలేసిన పుస్తకాన్ని ఎప్పుడూ గడప దాటనివ్వలేదు.

"పది నిమిషాల్లో చెబుతాను," అని బావమరిదికి ఫోన్ చేశాను.

"ఆ అమ్మాయి పేరేంట్రా?"

"ఎందుకు బావా?" గొంతులో భయం తెలుస్తూనే ఉంది. "ఏం చేస్తావు? ఆ పిల్లని ఏమీ అనకు, పాపం దానికేం తెలియదు."

"అచ్చు వేయించాలి. హాలు వాళ్ళు ఐదు సాయంత్రాలు ఇచ్చారు. మీ నలుగురికి. సగం డబ్బు ఈ వారమే వస్తుంది, అది ముందు టీచరుకి ఇచ్చి ప్రయాణం మానుకోమను. నేను చెప్పానని చెప్పక్కర్లేదు."

అవతల కప్పు కింద పెట్టిన చప్పుడు.

"ఉన్నావా?"

"ఉన్నా."

"పేరు చెప్పు. ఇంటిపేరుతో. మెల్లగా."

చెప్పాడు. రాసుకుని, తిరిగి చదివి వినిపించాను. సరిగ్గానే ఉందన్నాడు. మంచి పేరే.

"నువ్వొస్తావు కదా బావా? ముందు వరసలో పాసు తీయిస్తా."

"నాకు పాసులొద్దు. టికెట్టు కొంటాను. ఎడమ పక్క, గోడ వారన, చివరి కుర్చీ ఉంటుంది, అది తీసుకుంటాను."

"అక్కడెందుకు? అక్కడికి వియోలా వినపడదు కదా."

"తెలుసు," అన్నాను.